అమ్మాయి లేపొద్దంది

కునుకు పట్టనివ్వకూడదు. అదీ నియమం. ఒక పరీక్ష అయి ఇంకోటి మొదలయ్యేదాకా మనిషి కూర్చోవచ్చు, తిరగొచ్చు, కిటికీలోంచి వీధి చూడొచ్చు, రెప్ప మాత్రం వాల్చకూడదు. అందుకని అతను తెర ముందు కూర్చుని పక్కగదిలో ఉన్న కూతుర్ని చూస్తున్నాడు, సొంత కూతుర్ని, దొంగను కాపలా కాసినట్టు. తల నిండా తీగలు. అవన్నీ మెడ వెనుక పోగై ఒక్క జడలా వీపు మీదికి దిగాయి, ఆ జడ చివరి పెట్టె ఆమె ఒడిలో ఉంది, దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. పొద్దున తనే అంటించాడు ఆ తీగలు. టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, గరుకు జిగురుతో చర్మం రుద్ది, ఒక్కొక్కటీ వేలితో అదిమి. ఆ తలను అంతసేపు పట్టుకుని ఎన్నేళ్లయింది? అసలెప్పుడైనా పట్టుకున్నాడా? పేలు చూసింది వాళ్లమ్మ, నూనె రాసింది వాళ్లమ్మ, జ్వరమొస్తే నుదురు తడిమింది వాళ్లమ్మ. అతను తడిమింది ఇవాళే, అదీ జీతానికి. "చేతులు చల్లగా ఉన్నాయి నాన్నా" అంది. అంతే అంది. ఇంకేమైనా అంటుందేమోనని టేపు చుట్ట చుడుతూ నిలబడ్డాడు. అనలేదు. ఈ మధ్య వాళ్లిద్దరి మాటలు ఇరుగింటి నుంచి తెచ్చుకున్న గిన్నెల్లా ఉంటున్నాయి. జాగ్రత్తగా వాడుకుని, కడిగి, తిరిగిచ్చేస్తారు.

మూడు పరీక్షలు అయ్యాయి. మూడూ నెగ్గింది. ఇంకొక్కటి. మెలకువ పరీక్ష అంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, గట్టి గట్టి మనుషులు అందులో కూలిపోవడం అతను చూశాడు. మసక దీపం, దిండుకు ఆనుకుని కూర్చోవడం, ఎదురుగా ఖాళీ గోడ. ఫోను లేదు, పాట లేదు, కాళ్లూపడం లేదు, గిల్లుకోవడం లేదు. ఊరికే మెలకువగా ఉండాలి. లారీలు తోలేవాళ్లు, గేటు కాపలావాళ్లు, ఇదొక లెక్కా అని మీసం దువ్వుకుంటూ లోపలికెళ్లి, ఆ గోడ చూస్తూ చూస్తూ ఎండలో పెట్టిన మైనంలా కరిగిపోతారు. అమ్మాయి నాలుగింట్లో ఒక్కసారి కరిగినా చాలు, స్కూలు వాళ్లు బస్సు తాళాలు ఇవ్వరు. పెళ్లికి ముందునుంచీ తోలుతోంది ఆ బస్సు, ఇంతవరకూ దాని ఒంటి మీద గీత పడనివ్వలేదు. మొన్న ఎర్రలైటు దగ్గర ఆగింది. పచ్చలైటు పడింది. బస్సు కదల్లేదు. వెనుక హారన్లు. లోపలి పిల్లలంతా ఒక్కసారిగా "ఆంటీ పచ్చ, ఆంటీ పచ్చ" అని కేకలు పెడితే గానీ తల ఎత్తలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆగిన బస్సులో నిద్రపోయింది కాబట్టి సరిపోయింది, నడిచే బస్సులో పోయుంటే మా పిల్లలేమయ్యేవాళ్లు అని తల్లిదండ్రులు అడిగారు. అడగరా మరి? అతనైనా అడుగుతాడు. నిద్ర డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని రా, అప్పటిదాకా ఇంట్లో కూర్చో అన్నారు. ఇంట్లో కూర్చుంది. కూర్చుని కిటికీ తుడిచిందట, తలుపులు తుడిచిందట, తుడిచిన కిటికీనే మళ్లీ తుడిచిందట. ఆ బస్సే ఆమెకు పుట్టిల్లు అని అల్లుడు అంటాడు. మాటవరసకే అంటాడు. పుట్టింట్లో ఏముంది గనక ఆమెకిప్పుడు, ఈ తీగల మనిషి తప్ప.

సొంతవాళ్లకు మీరు పరీక్ష చెయ్యకూడదు కదా అంది డాక్టరమ్మ మొదట. ఆ తర్వాత ఆవిడే ఆలోచించి, పగటిపూట మీరు తప్ప ఇంకెవరున్నారు, తీగలు మీరు పెట్టండి, ఫలితం నేను చూస్తాను అంది. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి వింటూ ఉంది, దానికి నోరు ఊరుకోదు. "తీగల బాబాయ్, లోకమంతటికీ నిద్ర పంచిపెడతావు, మీ ఇంట్లో స్టాకు అయిపోయిందా?" అతను నవ్వాడు. ఆ పిల్లే కిందికి వెళ్లి అద్దాల దుకాణం వాడితో కాసేపు కోత ఆపమని చెప్పి వచ్చింది. వాడన్నాడట, "మొన్నేమో ఎవరో పడుకోవడానికి ఆపమన్నారు, ఇవాళేమో ఎవరో పడుకోకుండా ఉండటానికి ఆపమంటున్నారు, మీరు పైన అసలేం చేస్తారమ్మా?" దానికీ నవ్వాడు. నవ్వడం అతనికి బాగా పట్టుబడింది ఈ మధ్య. ముఖం ముడుచుకుంటే మనుషులు ఎందుకని అడుగుతారు, నవ్వితే అడగరు. ఆపిన కోత వల్ల గదిలో నిశ్శబ్దం చెవిలో దూది పెట్టినట్టుంది. తెర మీద అమ్మాయి లేచి నడుస్తోంది, తీగల పెట్టె చంకలో పెట్టుకుని గోడకీ గోడకీ, వాళ్లమ్మ నడకే, మడమ ముందు పెట్టి పాదం తర్వాత ఆన్చే నడక. కళ్ల కింద నలుపు. రాత్రిళ్లు పడుకోదు. పడుకోదు అని అల్లుడు కథలా చెప్పాడు, టీ తాగుతూ, చేతులు తిప్పుతూ. "మామయ్యా, మీ అమ్మాయితో కాపురం కాదు, పోలీసు స్టేషను. రాత్రి నన్ను తట్టి లేపి 'ఉన్నావా' అంటుంది. ఉన్నానే తల్లీ అంటే, అయితే పడుకో అంటుంది. ఇంకెక్కడి నిద్ర? పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. మొన్న పిల్లిని కూడా లేపింది మామయ్యా, అది అలిగి రెండు రోజులు ఇంటికి రాలేదు." అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. అతనూ నవ్వబోయాడు, టీ కొరబోయింది, అల్లుడే లేచి వీపు నిమిరాడు.

ఆమె అందర్నీ ఎందుకు లేపుతోందో ఈ లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. ఒకసారి లేపొద్దంది. ఆ ఒక్కసారి తల్లి పోయింది. ఇక జన్మలో ఎవర్నీ లేపకుండా వదలదు. ఇదీ లెక్క. ఆ లెక్క తప్పు. తప్పని అతనికి తెలుసు, ఆమెకు తెలియదు. తప్పు లెక్క ఆమె నెత్తిన పెట్టింది ఎవరు? అతనే. పొద్దున ఆ నెత్తి మీదే మెత్తగా, ప్రేమగా, తీగలు అంటించింది ఎవరు? అతనే. చేతులు చల్లగా ఉన్నాయట. ఉండవూ?

తీగలు పెట్టడం అతను నేర్చుకున్నది భార్య తల మీద. ఈ ఉద్యోగంలోకి వచ్చిన కొత్తలో. చదివింది చాక్‌పీసు అరిగిపోయిన పల్లె బడి, ఈ కొలతలేమో పుర్రెను పదులుగా, ఇరవైలుగా పంచే కొలతలు, రోజూ ఎవరి తల మీదైనా చెయ్యి తిరగాలి. ఆవిడే పీట వేసుకుని కూర్చునేది. "ఇంత కొలుస్తున్నారు, టోపీ కుడతారా, కిరీటం చేయిస్తారా?" అనేది. "నా తలకాయలో ఏముందో ఇప్పుడైనా కనబడిందా?" అనేది. నవ్వేది అప్పట్లో. అతనికి నవ్వు వచ్చేది కాదు, చెయ్యి కదిలిపోతుంది కదలకు అనేవాడు. ఆ తర్వాత క్లినిక్‌కు కొత్త యంత్రం వచ్చింది, సరిగా పనిచేస్తోందో లేదో ఎవరినైనా పడుకోబెట్టి చూడమన్నారు, ఆవిడను తీసుకొచ్చి పడుకోబెట్టాడు, ఇప్పుడు కూతురు నడుస్తున్న ఆ గదిలోనే. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్నవాళ్ల తల వెనుక తీగనుంచి తెర మీదికి వచ్చే గీత సన్నగా, ఒకే తీరుగా, దువ్వెన పళ్లలా ఉంటుంది. నిద్ర పట్టగానే ఆ పళ్లు విరిగిపోతాయి. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది, ఊపిరి బరువుగా తీస్తోంది, నోరు కొద్దిగా తెరుచుకుంది, చూసినవాళ్లెవరైనా ఆదమరిచి నిద్రపోతోందంటారు. గీత మాత్రం పళ్లు పళ్లుగా నడుస్తోంది. గంటసేపు. యంత్రం చెడిపోయిందనుకున్నాడు. స్పీకరు నొక్కి "గ్యాసు కట్టేశావా?" అన్నాడు. మనిషి ఉలకలేదు, పలకలేదు. గీత మాత్రం ఎగిరి పడింది.

అప్పుడు తెలిసింది. ఒక్కసారిగా ఎన్నో పొద్దుటి పూటలు తెలిశాయి. రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని, ఫలానా డాక్టరు ఇలా అన్నాడు, ఫలానావాడికి జీతం పెంచారు, నన్నెవడూ మనిషిగా చూడడు అని అతను ఏకరువు పెట్టే పొద్దుటి పూటలు. ఆవిడ నిద్రపోతూ ఉండేది. నిద్రలోనైనా వింటోందిలే అని చెప్పుకునేవాడు. వింటూనే ఉంది. కళ్లు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి, బరువుగా ఊపిరి తీస్తూ, అంతా వింటూ, ఎప్పుడు లేచిపోతాడా అని ఎదురుచూస్తూ. ఇంకొకడైతే పక్కన కూర్చుని, ఏమిటే, నాతో మాట్లాడటం అంత కష్టంగా ఉందా అని అడిగేవాడు. అడిగితే ఏం చెప్పేదో. చెప్పేదేమో. అతను అడగలేదు. దొరికిన దొంగసొత్తులా ఆ సంగతి దాచుకుని, అవసరమైనప్పుడల్లా తీసి వాడుకున్నాడు. నిద్రపోయేవాళ్లను లేపొచ్చు గానీ నిద్ర నటించేవాళ్లను లేపలేం అని సామెత ఉంది కదా, దాన్ని రోజూ ఆవిడ మంచం దగ్గర నిలబడి వినిపించేవాడు. ఆవిడ కళ్లు తెరిచేది కాదు. ఒక్కసారి మాత్రం కళ్లు మూసుకునే అంది. "మీతో మాట్లాడి గెలిచినవాళ్లు లేరు. ఇదే సుఖం." ఆ మాట అతను క్షమించలేదు. పైగా బంధువుల ముందు గొప్పలు. నాకు తీగలక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలు, నిజం నిద్రో దొంగ నిద్రో చెప్పేస్తాను. అని ఆవిడవైపు చూసి నవ్వేవాడు. ఆవిడ అందరికీ మంచినీళ్లు అందించే పనిలో పడేది. అమ్మాయి అక్కడే ఉండేది. పిల్లలు వింటారు. పెద్దయ్యాక కూడా వింటారు.

ఆ రోజు పొద్దెక్కి ఇంటికొచ్చాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగిన జాడ లేదు. ఏమే అన్నాడు. పలకలేదు. ఊపిరి బరువుగా వస్తోంది, ఎప్పటికంటే బరువుగా, గురక కూడా కలిసింది. ఈ మధ్య నటన ముదిరిందనుకున్నాడు. సామెత అప్పజెప్పాడు. పలకలేదు. నోటి మూల చెమ్మగా ఉంది, దిండు తడిసి ఉంది. చూశాడు. చూడలేదని ఎన్నోసార్లు తనకు తను చెప్పుకున్నాడు గానీ చూశాడు, ఇప్పుడు ఈ కుర్చీలో, నల్లపరదా అంచున పగటి వెలుతురు గీతలా కనిపిస్తున్న ఈ గదిలో, కళ్లు తెరిచి ఉండగానే ఆ తడి దిండు కనబడుతోంది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కావాలని చప్పుడు చేశాడు. మూతలు కింద పడేశాడు. లేస్తుందని. లేచి తిట్టినా బాగుండునని. బ్రెడ్డు ముక్కలు పొడిగా నమిలాడు. అప్పుడు అమ్మాయి ఫోను. "అమ్మ ఎలా ఉంది నాన్నా?" "ఏం, బ్రహ్మాండంగా నిద్రపోతోంది మహారాణి." "రాత్రంతా తలనొప్పని నాతో అంది. పోనీలే, పడుకోనీ. లేపకు నాన్నా." రాత్రంతా తలనొప్పట. ఆ మాట విన్నాక కూడా కాళ్లు ఆ గదివైపు నడవలేదు. నాతో చెప్పలేదు, కూతురితో చెప్పింది, చూశావా అని ఇంకో మంట రేగింది. పక్కగదిలో పరదాలు వేసుకుని పడుకున్నాడు. అప్పట్లో రాత్రి డ్యూటీ మనిషి, పడుకోగానే నిద్ర. హాయిగా పట్టింది. హాయిగా అనే మాట ఇక్కడ అనకూడదు గానీ నిజం అదే, ఈ మధ్య కాలంలో అంత మంచి నిద్ర పోలేదనుకుంటూ లేచాడు, చీకటి పడే వేళకు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు, ఎప్పటినుంచి ఇలా ఉంది అని. మెదడులో నరం అన్నాడు. పొద్దున్నే తెచ్చి ఉంటే అన్నాడు, మిగతాది అనకుండా పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే అమ్మాయి మెట్లెక్కి పరుగెత్తుకుంటూ వచ్చింది, బస్సు ఎక్కడ వదిలేసి వచ్చిందో, చేతిలో తాళాలు అలాగే ఉన్నాయి. డాక్టరు అతని వైపు చూస్తున్నాడు. నర్సు చూస్తోంది. అంతమంది చూపులు. నేను నిద్ర పరీక్షలు చేసేవాణ్ణి అని తను వచ్చీరాగానే చెప్పుకున్నాడు కూడా, సాటి ఉద్యోగిగా చూస్తారని. ఇప్పుడేం చెప్పాలి? నోరు దానంతట అదే తెరుచుకుంది. "అమ్మాయి లేపొద్దంది." తాళాల చప్పుడు ఆగిపోయింది. నోరు అక్కడైనా మూసుకోవచ్చు. "అమ్మాయి ఫోను చేసి లేపొద్దంది, అందుకే లేపలేదు" అని వివరంగా, తీరుబడిగా, ఊళ్లో పంచాయితీలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అమ్మాయి లేపొద్దంది, అతను లేపలేదు, రెండూ నిజాలే. ఆ రెంటి మధ్యా 'అందుకే' అన్న ఒక్క మాట, దానితో కూతుర్ని ఉరితీశాడు. అన్నీ అయ్యాక ఒకనాడు ఇల్లు కడుగుతూ అమ్మాయి చీపురు ఆపి అంది, నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది నాన్నా అని. అప్పుడు చెప్పొచ్చు. గొంతు దాకా వచ్చింది. వచ్చిందా? రాలేదు. ఎవర్ని మోసం చేస్తాడు. "నీకేం తెలుసమ్మా, నువ్వు మంచికే అన్నావు" అన్నాడు. తల నిమిరాడు కూడా. తన నేరానికి ఆమెను క్షమించాడు! ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అంతకంటే నీచమైన గడియ అతని బతుకులో ఇంకోటి లేదు, భార్య మంచం పక్క నిలబడింది కూడా దీని తర్వాతే.

తెర మీద ఒక గీత పిచ్చిపట్టినట్టు లావుగా గిలకొట్టుకుంటోంది. తల వెనుక తీగ. నడిచీ నడిచీ వదులైంది. పరీక్ష మొదలయ్యేలోపు సరిచెయ్యాలి. జిగురు డబ్బా, దూది పట్టుకుని వెళ్లాడు. తలుపు తీయగానే ఆమె మంచం అంచున కూర్చుంది, చేతులు తొడల కింద పెట్టుకుని.

"ఏమైంది?"

"వెనుక తీగ ఊడుతోంది. తల వంచు."

వంచింది. మెడ మీద వాళ్లమ్మకున్న చోటే పుట్టుమచ్చ. రెండో పరీక్షలో దుప్పటి కింద తొడ గిల్లుకుంది, తెర మీద కండ కదలిక చూపే గీత ఎగరడం చూశాడు, అది రాయాలి, రాయలేదు. ఆ సాయం చేసినందుకు ఏదో తీర్చుకున్నట్టు అనిపించింది కూడా. ఎంత చవకగా తీరిపోతుందనుకున్నాడు!

"ఇంకొక్కటే కదా నాన్నా."

"ఒక్కటే. ఇందాకటిలాగే ఉండు, చాలు."

"కళ్లు మండుతున్నాయి. ఒక్క క్షణం మూసుకుంటే నిద్రపోయానని రాసేస్తావా?"

"రాయను. మూసుకుని మెలకువగా ఉంటే తెలిసిపోతుంది."

"తీగలతో."

"తీగలతో."

"తీగలు లేకుండానే చెప్పేస్తానంటావుగా. ఊపిరి చూస్తే చాలంటావు. పెళ్లిళ్లలో కూడా అనేవాడివి."

అతను దూదితో పాత జిగురు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"మరి ఆ రోజు అమ్మను చూశావు కదా" అంది. తల వంచుకునే అంది, గొంతులో నింద లేదు, దారి అడిగినట్టు అడిగింది. "పడుకునే ముందు చూశావు. చూసి ఏమనుకున్నావు?"

నిద్రనుకున్నాను. ఆ మాట సిద్ధంగా ఉంది. ఎంతమందికి చెప్పాడో ఆ మాట, అంచులరిగి గులకరాయిలా నున్నగా ఉంది, నాలుక కదిపితే చాలు దొర్లి వచ్చేస్తుంది. వస్తే ఈమె తల వంచుకునే ఉంటుంది, తనను నాన్నా అంటూనే ఉంటుంది, రాత్రి మొగుణ్ణి లేపుతూనే ఉంటుంది, పిల్ల ముక్కు కింద వేలు పెడుతూనే ఉంటుంది. ఇంకెన్నాళ్లు? తను పోయేదాకా. తను పోయాక కూడా. తనకేం పోయింది, తను రోజూ పడుకోగానే నిద్రపోతాడు.

"నటిస్తోందనుకున్నాను" అన్నాడు.

కొత్త జిగురు వేలికి తీసుకున్నాడు.

"మీ అమ్మ నటించేది. నాతో మాట్లాడాల్సి వస్తుందని నటించేది. ఆ రోజూ అంతే అనుకున్నాను. దిండు తడిసి ఉంది. చూశాను. చూసి కూడా వదిలేశాను."

"నేను ఫోన్లో లేపొద్దన్నాను."

"నువ్వు ఫోను చేసేసరికే వదిలేశాను. నువ్వు లేపమని బతిమాలినా లేపేవాణ్ణి కాదు ఆ పూట. పంతం."

"మరి ఆస్పత్రిలో..."

"భయమేసింది. నీ మీదికి తోసేశాను."

తీగ అంటించాడు. వేలితో అదిమి పట్టుకోవాలి కాసేపు, జిగురు పట్టేదాకా. అలా ఆమె తల పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఏడవలేదు. అరవలేదు. కొడుతుందేమోననుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆ కోరిక కూడా సిగ్గులేనిదే, కొడితే తనకు సుఖం. బయట రిసెప్షన్ అమ్మాయి ఎవరికో ఫోన్లో రేపు రండి, ఖాళీ కడుపుతో వద్దండీ, తినే రండి అని చెబుతోంది.

"టైమైందేమో. లైటు తగ్గించు" అంది కూతురు.

తిరిగొచ్చి తెర ముందు కూర్చున్నాడు. మైకు నొక్కి చెప్పాల్సిన మాటలు ఉన్నాయి, ఎవరికైనా అవే మాటలు, ఒక్క అక్షరం మార్చకూడదు. "కదలకుండా కూర్చోండి. ఎదురుగా చూడండి. వీలైనంతసేపు మెలకువగా ఉండండి." పొద్దున ఈ మాటలకు ఆమె చిన్నగా నవ్వి, చిత్తం నాన్నగారూ అంది. ఇప్పుడు కెమెరా వైపు చూడకుండా "సరేనండి" అంది.

గీతలు నడిచాయి. ఇక నిద్ర రాదులే అనుకున్నాడు, ఇంత విన్న మనిషికి నిద్రెలా వస్తుంది, కోపమైనా కాపలా కాస్తుంది, బస్సు దక్కినట్టే. కనీసం బస్సు దక్కుతుంది. అలా అనుకుంటూ ఉండగానే ఆమె కళ్లు మూసుకుంది. గీత దువ్వెన పళ్లలా మారింది. మెలకువగానే ఉంది, కళ్లు మండుతున్నాయంది కదా, తెరుస్తుంది. తెరవలేదు. కంటి గీతలు ఖాళీ ఊయలలా మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. ఇది నటన కాదు. ఇది ఎవరూ నటించలేరు. దువ్వెన పళ్లు అక్కడక్కడా విరుగుతున్నాయి. అతని వేలు మైకు మీట మీదికి వెళ్లింది. ఒక్క దగ్గు చాలు. మాట కూడా అక్కర్లేదు, పొరపాటున తగిలినట్టు మీట తగిలితే చాలు, ఆ చిన్న టక్కు చప్పుడుకే ఉలిక్కిపడి లేస్తుంది, ఎవరికీ తెలియదు, డాక్టరమ్మకు తెలియదు, ఆమెకే తెలియదు. తల్లిని లేపలేదు, బిడ్డనైనా లేపు. వేలు మీట మీద ఉంది. ఆమె తల దిండు మీద ఒక పక్కకు వాలింది, మెడ నరాలు వదులయ్యాయి, ఎన్ని నెలల తర్వాతో ఆ ముఖంలో కనుబొమల మధ్య ముడి విడిపోయింది. ఎర్రలైటు దగ్గర ఆగిన బస్సు కళ్లముందు కదిలింది, ఆ కిటికీల నిండా ముఖాలు. ఆ పిల్లలకూ ఎవరో తండ్రులు ఉంటారు. మీట నొక్కితే బస్సు, నొక్కకపోతే నిద్ర. ఏది ఇస్తే అప్పు తీరుతుందని బేరమాడుతున్నాడా మళ్లీ? పళ్లన్నీ విరిగిపోయాయి. గీత పల్చబడి, నెమ్మదించి, నీళ్లలో వదిలిన దారంలా సాగింది. కోపంతో పడిపోయిందో, బరువు దిగి పడిపోయిందో తీగ చెప్పదు. నిద్ర అని మాత్రం చెబుతుంది. వేలు తీసేశాడు. మంచికి తీశాడో చేతగాక తీశాడో అతనికి తెలియదు, తెలుసుకునే అర్హత పోయి చాలాకాలమైంది.

నిద్ర ఖాయమనగానే వెళ్లి లేపాలి. అదీ నియమమే. కూర్చునే ఉన్నాడు. కింద అద్దాల దుకాణంలో ఎవరో దగ్గారు, ఎవరో ఎవర్నో ఊరుకోరా అన్నారు. డాక్టరమ్మ వచ్చి అతని భుజం మీదుగా తెర చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంతసేపైంది?"

"అయింది."

"లేపండి."

"కాసేపు పడుకోనివ్వకూడదా అమ్మా?"

"పరీక్ష అయిపోయింది కదండీ. అమ్మాయికి చెప్పాలి" అంది డాక్టరమ్మ. మెత్తగానే అంది.

వెళ్లి తలుపు తీశాడు. దీపం పెంచలేదు. మంచం పక్కన నిలబడి అమ్మాయ్ అన్నాడు. వంగి భుజం పట్టుకుని కదిపాడు. ఆమె వెంటనే లేవలేదు, ఆ నిద్ర లోతులోంచి పైకి రావడానికి టైము పట్టింది. కళ్లు తెరిచింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, చిన్నపిల్లలా అతన్ని చూసింది. తర్వాత అంతా గుర్తొచ్చింది. గుర్తు రావడం అతను దగ్గరుండి చూశాడు.

"పోయిందా?"

"పోయింది."

తల ఊపింది. లేచి కూర్చుంది. అతను దూది, నీళ్లగిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. జిగురు తడిపి, మెత్తబడ్డాక తీయాలి తీగలు. చెయ్యి చాపాడు. ఆమె తల వెనక్కి తీసుకుంది.

"నేనే తీసుకుంటాను."

నుదుటి మీది తీగ పట్టుకుని పీకింది. తర్వాత చెవి వెనుకది. తర్వాత నడినెత్తి మీదది, జుట్టుతో సహా.

"మెల్లగా అమ్మా. జుట్టు ఊడుతుంది."

"ఊడనీ."